సీసాలక్క నోటి రుచి

పొద్దున పూట బల్ల చుట్టూ కూర్చున్నాక, ఆ ఇంట్లో జామ్ గురించి ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పాల్సిందే.

"ఈసారి నారింజ జామ్ కాస్త చేదెక్కింది," అన్నాడు ఇంటాయన, దాన్నే రొట్టె మీద దిట్టంగా పట్టిస్తూ.

"చేదెక్కడుందిరా? తీపే ఎక్కువైంది. పళ్లు జివ్వుమంటున్నాయి," అంది ఆయన తల్లి.

"కట్టుడు పళ్లు జివ్వుమనడమేంటి నానమ్మా!" మనవడు నవ్వాడు.

"ఒరేయ్, కింద రెండు ఇంకా నావే. ఆ రెండే చెబుతున్నాయి."

ముగ్గురూ నవ్వుకున్నారు. పొయ్యి దగ్గర నిలబడి పాలు వడపోస్తున్న ఇల్లాలు కూడా నవ్వింది. ఒకరు చేదన్నారు, ఒకరు తీపన్నారు. అంటే ఏదీ మరీ మించలేదన్నమాట, సరిగ్గానే కుదిరింది అనుకుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి ఆమెకు ఇంకో దారి లేదు. ఆ జామ్ చేసింది ఆమే అయినా, అది ఎలా ఉందో ఆమెకు తెలియదు.

వీధిలో అందరూ ఆమెను సీసాలక్క అంటారు. ఏ పండు చవగ్గా దొరికితే ఆ పండు ఆ ఇంట్లో సీసాలకెక్కుతుంది. నారింజ తొక్కల్ని దారాల్లా సన్నగా తరిగి, గింజల్ని పలుచని గుడ్డలో మూటకట్టి పాకంలో వేలాడదీసి చేసే జామ్ ఆమెకు పెట్టింది పేరు. వేరుశనగ పప్పును దోరగా వేయించి, పొట్టు ఊదేసి, నూనె తేలేదాకా రుబ్బి తేనె కలిపితే పిల్లలు గిన్నె అడుగు గీక్కుని తినేవాళ్లు. బంధువులు, ఇరుగుపొరుగు, ఇంటాయన పనిచేసే చోట పెద్ద ఇంజినీరు, అందరి అలమరల్లోనూ ఆమె సీసా ఒకటైనా ఉంటుంది. ఖాళీ సీసాలు తిరిగొచ్చేటప్పుడు మెచ్చుకోళ్లు వెంట వస్తాయి. మళ్లీ ఎప్పుడు చేస్తావన్న ప్రశ్న కూడా వస్తుంది.

కిందటేడు వానలకు ముందు ఆ ఇంట్లో అందరికీ వరసగా జ్వరాలొచ్చాయి. అందరికీ సేవ చేసి, ఆఖర్న ఆమె పడుకుంది. నాలుగు రోజులకు లేచి పొయ్యి ముట్టించింది. ఆ రోజు కాఫీ నోట్లో పోసుకుంటే వేడి తెలిసింది గానీ కాఫీ తెలియలేదు. నీరసం అనుకుంది. మర్నాడూ అంతే. తర్వాత అర్థమైంది, నాలుకే కాదు, ముక్కు కూడా పనిచేయడం లేదని. నారింజ తొక్కను గోటితో గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుంది. చేతికి తడి తగిలింది. అంతే.

మొదట్లో ఆ మాట పైకి అన్నది. తర్వాత అనడం మానేసింది.

పని మాత్రం ఆగలేదు. ఆమె చేతులకు పని తెలుసు. పాకం పలచగా ఉన్నప్పుడు బుడగలు చిన్నగా, గలగలా వస్తాయి. చిక్కబడ్డాక పెద్దవై బరువుగా పగులుతాయి. చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేసి వేలితో నెడితే మీద ముడత పడాలి. పడితే దించేయాలి. పంచదార కొలత పాతదే. రుచి చూడకుండానే ఇదంతా చేయవచ్చని ఆమెకు తెలిసింది. చేస్తున్నా ఎవరూ పోల్చుకోలేరని కూడా తెలిసింది.

తినడం మాత్రం బట్టలు మడతపెట్టడంలాంటి పనైపోయింది. రొట్టె తడిసిన అట్టలా ఉండేది. మెత్తగా ఉన్నది, గట్టిగా ఉన్నది, వేడిది, చల్లది. ఆమెకు లోకంలో ఉన్న తిండి అంతా ఇవే. రెండు పూటలు తినాల్సిన చోట ఒక పూటతో సరిపెట్టేది. ఒళ్లు తగ్గితే, "బాగా నాజూగ్గా తయారయ్యావే" అన్నారు అంతా. కొడుకు విడిచిన చొక్కాలు ఉతికేటప్పుడు వాడి చెమట వాసన రాలేదు. వాన పడితే మట్టి వాసన రాలేదు. ఇల్లంతా గాజు పలకకు అవతల ఉన్నట్టుండేది. అన్నీ కనబడతాయి, వినబడతాయి, కానీ ఒక్కటీ తనదాకా రాదు. దీనికి ఏడుపు రావాలి కదా అని ఒకటి రెండుసార్లు అనుకుంది. రాలేదు. ఏడవడానికి కూడా ఏదో ఒక రుచి ఉండాలేమో.

ఒక మధ్యాహ్నం పెద్ద గిన్నెలో నారింజ పాకం పెట్టి, మంట తగ్గించి, పెరటి కుళాయి దగ్గర సీసాలు కడగడానికి వెళ్లింది. ఆమె అటు వెళ్లిన కాసేపటికి పాకం నురగలెత్తి అంచు దాటి పొంగింది. బర్నరు మీద పడి మంటను ఆర్పేసింది. గ్యాసు మాత్రం ఆగలేదు.

కడిగిన సీసాలు బుట్టలో పెట్టుకుని ఆమె లోపలికొచ్చింది. మంట ఆరిపోయి ఉంది. "అయ్యో, పొంగిపోయిందే," అనుకుంది. గుడ్డ తీసుకుని బర్నరు చుట్టూ తుడిచింది. సీసాలు ఒక్కొక్కటే గుడ్డ మీద బోర్లించింది. తర్వాత లైటరు చేతిలోకి తీసుకుంది.

"ఆగు! ఏయ్, ఆగు అమ్మాయ్!"

ముందు గదిలో కళ్లు మూసుకుని పడుకున్న అత్తగారు గోడ పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చి కోడలి మణికట్టు గట్టిగా పట్టేసింది. లైటరు కింద పడింది. ముసలావిడ దగ్గుతూనే పొయ్యి మర తిప్పింది, సిలిండరు కట్టేసింది, కిటికీ తలుపులు బార్లా తీసి, కోడల్ని లాక్కుని పెరట్లో పడింది.

"ఇల్లంతా గ్యాసు కొడుతుంటే లైటరు తీస్తావా? మతిగానీ పోయిందా నీకు?" ఆవిడ ఒళ్లంతా వణుకుతోంది. కళ్లు నీళ్లు కారుతున్నాయి. "అంత కంపు నీకు రాలేదా?"

"రాలేదత్తయ్యా."

"రాలేదంటే? జలుబు చేసిందా?"

"లేదు. నాకు వాసన తెలీదు. రుచి కూడా తెలీదు. ఆ జ్వరం వచ్చినప్పట్నుంచి."

అత్తగారు కోడలి భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుంది. కోడలి మొహంలోకి చూసింది. ఆ మొహంలో భయం లేదు. అదే ఆవిణ్ణి ఎక్కువ భయపెట్టింది. సీసాలక్క తన చేతులవైపు చూసుకుంది. అత్తగారి చేతులు ఇంకా వణుకుతున్నాయి, తనవి మాత్రం కదలకుండా ఉన్నాయి. ఇప్పుడు గుండె దడదడలాడాలి కదా అనుకుంది. అది కూడా మామూలుగానే కొట్టుకుంటోంది.

సాయంత్రం ఇంటాయన పని నుంచి రాగానే తల్లి సంగతంతా చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పై అంతస్తులో తాడు గొణిగితే కింద నిలబడి జబ్బు చెప్పగలడని పేరు. విన్నవెంటనే ఆయన మొహం పాలిపోయింది. ఆ తర్వాత కోపం వచ్చింది.

"ఇంత జరుగుతుంటే నోరు విప్పి ఒక్క మాట చెప్పొచ్చు కదా? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"చెప్పానండీ," అంది ఆమె. పంచదార డబ్బా ఎక్కడుందో చెబుతున్నట్టు చెప్పింది.

"నాకా? ఎప్పుడు?"

"నేను లేచిన వారమే. మీరు పనికి వెళ్తూ చెప్పులు వేసుకుంటున్నారు. నాకు వాసనా రుచీ తెలియట్లేదండీ అన్నాను. జ్వరం పడ్డ నోరు అలాగే ఉంటుందిలే, ఇంజినీరుగారికి రెండు సీసాలు కావాలట, మర్చిపోకు అన్నారు."

ఆయన గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. రెండు సీసాలు ఇంజినీరుగారికి ఇచ్చిన సంగతి గుర్తుంది. ఇంజినీరు వాటిని తీసుకుని తన భుజం తట్టిన సంగతీ గుర్తుంది. భార్య అన్న మాటే గుర్తుకు రాలేదు.

"నాన్నకి చెప్తే ఏం లాభం, నాకు చెప్పాల్సింది," అన్నాడు కొడుకు.

"నీకూ చెప్పాను నాన్నా. చెవుల్లో అవి పెట్టుకుని ఉన్నావు. ఒకటి తీసి విన్నావు. ఫోన్లో చూసి చెప్తానన్నావు."

కుర్రవాడు తల దించుకున్నాడు.

"మా అక్కకి కూడా చెప్పాను. అదృష్టవంతురాలివే, నోరు కట్టేసుకుని ఒళ్లు తగ్గించుకోవచ్చు, నాకొచ్చినా బాగుండేది అని నవ్వింది. నేనూ నవ్వాను."

అత్తగారు కోడలి దగ్గరికి జరిగింది. "మరి నాకెందుకు చెప్పలేదే?" అని అడిగింది మెల్లగా.

"ఇంక చెప్పబుద్ధి కాలేదత్తయ్యా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే ఆ ముగ్గురికీ కాస్త తేలిగ్గా ఉండేది. ఆమె లేచి, పాకం గట్టిపడిన నారింజ గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టబోయింది. ఇంటాయన ఆ గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. గట్టిపడిన పంచదార అంత తేలిగ్గా వదలదు. చీకటి పడేదాకా తోముతూనే ఉన్నాడు.

"ఎక్కడో ఎనిమిదో అంతస్తులో ఇనప పెట్టె మూలిగితే వినిపిస్తుంది వీడికి," అంది తల్లి, ఎవరితోనూ కాకుండా. "పక్కన మనిషి నోరు తెరిచి చెప్పింది వినిపించలేదు. నేను మాత్రం? పిల్ల చిక్కిపోతుంటే చూసి, నాజూగ్గా ఉందని మురిశాను."

రెండు రోజుల తర్వాత ఇంటాయన సెలవు పెట్టి ఆమెను ముక్కు, గొంతు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ అడిగే ప్రతిదానికీ ఆయనే జవాబు చెప్పబోయాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఓ రెండు మూడు నెలల నుంచేనండీ..."

"మీరు కాసేపు ఆగండి. ఆవిణ్ణి చెప్పనివ్వండి."

"కిందటేడు వానలకి ముందు నుంచి," అంది సీసాలక్క.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఆకలేస్తుందా అమ్మా?"

"టైమైతే తింటాను."

"ఏదైనా చేయాలని, ఎక్కడికైనా వెళ్లాలని అనిపిస్తుందా?"

సీసాలక్క ఆలోచించింది. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఆమె అనుకోలేదు. "తెలియట్లేదండీ. అన్నీ ఒకేలా ఉన్నాయి."

భర్త ఆమె వైపు తిరిగి చూశాడు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న మొహమే. కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మొదట్లోనే వచ్చి ఉంటే బాగుండేది. ఇప్పుడు కొంత తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. రోజూ పొద్దునా సాయంత్రం కొన్ని ఘాటైన వాసనలు ఓపిగ్గా పీలుస్తూ ఉండాలి. వంటగదిలో గ్యాసు కనిపెట్టే పరికరం పెట్టించాలి. పాడైన పదార్థం ఆమెకు తెలియదు కాబట్టి ఇంకొకరు వాసన చూడాలి.

"ఇంకో మాట," అంది ఆయనతో. "నొప్పి పుడితే మనిషి మూలుగుతుంది, ఇంట్లో వాళ్లకి తెలుస్తుంది. ఇలా అన్నీ మొద్దుబారిపోయిన మనిషి మూలగదు. పని మానదు, గొడవ పడదు. అంతా సవ్యంగానే ఉందని మీరు అనుకుంటారు. ఆవిడకి ముక్కుతోపాటు మనసు కూడా అలిసిపోయింది. దానికి కూడా వైద్యం ఉంది. మానకుండా తీసుకురండి."

ఆ తర్వాత ఆ ఇంట్లో అద్భుతాలేమీ జరగలేదు. రోజూ రెండు పూటలా ఆమె లవంగాలు, కాఫీపొడి, నిమ్మతొక్క వరసగా ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. కొడుకు ఎదురుగా కూర్చుని, "ఏమైనా తెలిసిందా అమ్మా?" అని అడుగుతాడు. "లేదు నాన్నా," అంటుంది. రేపు చూద్దాం అని డబ్బాలకు మూతలు పెడతాడు.

ఒక సెలవు రోజు ఇంటాయన నారింజ తొక్కలు తరిగాడు. ఒక్కో ముక్కా బొటనవేలంత మందం ఉంది. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని ఏది ఎప్పుడు వేయాలో చెప్పింది. పాకం చల్లారాక ఆయన గరిటె అంచు నాకి, "బాగుంది," అన్నాడు.

"బాగుందంటే నాకేం తెలుస్తుందండీ?"

ఆయన చిక్కులో పడ్డాడు. ఇన్నేళ్లుగా తిన్నాడే గానీ, తిన్నదాన్ని మాటల్లో పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మళ్లీ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ముందు పులుపు తగిలింది. వెంటనే తీపి వచ్చి దాన్ని కప్పేసింది. మింగాక గొంతు దగ్గర చేదు మిగిలింది. మందు చేదులాంటిది కాదు. పచ్చి కొమ్మ విరిచి నోట్లో పెట్టుకుంటే ఉంటుందే, అలాంటిది."

"ఎంతసేపుంది?"

"ఇంకా పోలేదు."

"అయితే తొక్కలు ముందు ఇంకాస్త ఉడకాల్సింది," అంది ఆమె. ఆమె నాలుక మీద ఏమీ లేదు. అయినా ఆయన చెబుతున్నంతసేపూ కదలకుండా విన్నది. విన్నాక, అడగకుండానే ఒక రొట్టె ముక్క తీసుకుని తిన్నది.

ఆ వారమే పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఖాళీ సీసా తిరిగివ్వడానికి వచ్చింది. "అబ్బ, ఎంత బాగుందో అక్కా! నీ చేతిలో ఏదో ఉంది," అంది గుమ్మంలోంచే.

"చేతిలో ఉన్నది సరేనమ్మా," అంది అత్తగారు, కుర్చీ ఆవిడ వైపు జరుపుతూ. "దాని నోట్లో ఏముందో కూడా ఒకసారి అడుగు. వచ్చి కూర్చుని అడుగు."

మన ఇళ్లలో వంటకు వంక పెట్టడం అందరికీ వచ్చు, మెచ్చుకోవడమూ వచ్చు. సీసాలక్క చెప్పలేదని తప్పుపట్టినవాళ్లే, ఆమె చెప్పినప్పుడు వినలేదు. వండిపెట్టే మనిషిని, నువ్వు తిన్నావా, నీకెలా ఉంది అని అడగడం నేర్చుకుందాం. అడిగాక, ఆ జవాబు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడదాం.