దిగే ముల్లు

"పల్లీనూనె పొయ్యి మీద పెట్టి అండ్ల ఏం ఎయ్యవేందే నిర్మలా? మిరపకాయలా, పప్పు పిండా?" నర్సింగమ్మ అడగడం అది మూడోసారి.

కోడలికి వినబడలేదు. నూనెగిన్నెలోకి రెండు సన్నని తీగలు దిగి ఉన్నాయి. వాటి కొసన జొన్నగింజంత ముక్క. పక్కనే వేడి కొలిచే పాదరసపు గొట్టం. తీగల అవతలి కొసలు, నడుమ కరెంటును అదుపు చేసే చిన్న రెసిస్టరుతో, టార్చిలైటు బ్యాటరీకీ, వోల్టులు చూపే ముల్లున్న ఒక పెట్టెకూ కట్టి ఉన్నాయి.

నందికొండ డ్యాం పనిలో కంకర మిషను నెల కింద కొంప ముంచింది. తిరిగే ఇరుసును మోసే బేరింగు కాలి, బెల్టు తెగి, రాళ్లు మోస్తున్న సుక్కమ్మ భుజం మీద పడింది. వేడి కనిపెట్టడానికి గాజు గొట్టం పెడితే మిషను అదురుకు రెండో రోజే పగిలింది. పెద్ద ఇంజనీరు, వీటితో వేడి కొలవొచ్చేమోనని, కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే గింజల్లాంటి సిలికాన్ డయోడులు రెండు తెప్పించి, కరెంటు పని చూసే రఘుపతికి ఇచ్చాడు. రఘుపతి వాటిని ఇంటికి తెచ్చి భార్య ముందు పెట్టాడు. "బియ్యెస్సీ సదివినవ్ గదా, జర చూడు."

ఆలేరులో వాళ్ల వాడ నుంచి డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషి ఆమె. పెళ్లయి ఆరేళ్లు. ఆ చదువు గురించి ఈ ఇంట్లో రెండే మాటలు విన్నది. "పిల్లలకు ఎక్కాలు చెప్పెతందుకు పనికొస్తది" అని భర్త, "సదివిన చేతికి రొట్టె గుండ్రంగ రాదు" అని అత్త. రెంటికీ తలూపింది. రొట్టె గుండ్రంగా చేయడం నేర్చుకుంది.

ఇప్పుడు ఆ గింజ ఆమెతో మాట్లాడుతోంది. ముప్పై డిగ్రీల దగ్గర ఆరువందల మిల్లీవోల్టులు. నలభై దగ్గర ఐదువందల ఎనభై. వేడి ఒక డిగ్రీ ఎక్కితే ముల్లు రెండు మిల్లీవోల్టులు దిగుతోంది. వేడెక్కేకొద్దీ ఆ గింజలోంచి కరెంటును తోయడానికి తక్కువ బలం చాలుతోంది. నూనె నూట నలభై దాటింది, గింజ మాట తప్పలేదు. దించి చల్లార్చింది, వచ్చిన దారినే ముల్లు పైకి పోయింది. మళ్లీ కాచింది, మళ్లీ అవే అంకెలు. ఆమె చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కృష్ణ ఒడ్డున కాళ్ల కింద నలిగే ఇసుకలో ఉన్నదీ ఈ సిలికానే. దాన్ని శుద్ధిచేసి గింజంత చేస్తే, సలసల కాగే నూనెలో కూర్చుని కూడా నిజమే చెప్తుందా? అడిగిన ప్రతిసారీ అదే నిజం చెప్తుందా? తొంభై డిగ్రీలకు నాలుగువందల ఎనభై. అక్కడ కాగితం మీద గీత గీసింది. ముల్లు అక్కడికి దిగితే మిషను ఆగాలి.

రఘుపతి వచ్చి చూసి నవ్వాడు. "ఉల్టా కట్టినవ్. వేడెక్కితే ముల్లు ఎక్కాలె గని దిగుతదా? జరమొస్తే పాదరసం దిగంగ చూసినవా యాడన్న?"

"ఇది గట్ల గాదు, జర ఇనుండ్రి..."

ఆయన తీగలు అటుదిటు మార్చాడు. ముల్లు ఒక్క ఊపున పైకొసకు పోయి ఆగింది. "సూడు, ఎట్లెక్కిందో."

ఆమె గింజను తీసి కుండనీళ్లలో ముంచింది. ముల్లు అక్కడే ఉంది. "మూసిన తలుపు. చలి లేదు, వేడి లేదు. ఏదీ చెప్పదు."

"సారు ముంగట నా ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు రఘుపతి. మర్నాడు పొద్దున్నే డయోడునూ పెట్టెనూ తను కట్టినట్టే తీసుకుపోయాడు.

"పోనియ్యి బిడ్డా, మొగోని పని," అంది నర్సింగమ్మ. "రొట్టె పెనం మీద ఉన్నది, సూడు."

నిర్మల పెనం దించింది. కాగితం మడిచి, చెప్పులేసుకుంది.

మిషను దగ్గర ముల్లు పైకొసన బిగుసుకుని ఉంది. "పొద్దటిసంది గట్లనే ఉన్నదమ్మా, గదేం సూడొద్దన్నరు," అంది రాళ్ల తట్టలు మోసేవాళ్ల పెద్ద బీరమ్మ. రఘుపతి మోటారు షెడ్డులో ఉన్నాడు. నిర్మల ఎవరినీ అడగలేదు. తీగలు విప్పి మార్చి కట్టింది. ముల్లు జారి, ఐదువందల నలభై దగ్గర నిలిచింది. నాలుగువందల ఎనభై దగ్గర అద్దం మీద కాటుకతో గీత పెట్టింది.

"బీరమ్మక్కా, ముల్లు ఈ గీత మీదికి దిగితే తట్టలు దించి పక్కకు రాండ్రి. ఎవ్వల హుకుం కోసం చూడొద్దు."

"దిగితేనా, ఎక్కితేనా?"

"దిగితే."

మధ్యాహ్నం దాకా ఆమె అక్కడే నిలబడింది. ఐదువందల ఇరవై. ఐదువందలు. చేయి పెట్టకుండా, పొగ రాకుండా, ఇనుము లోపలి మంట ఇంత దూరాన కనబడుతోంది. అది చూస్తూ ఆమె ఎండను మరిచింది. ముల్లు గీతను తాకింది. బీరమ్మ తట్ట దించింది. వెనక నలభైమంది ఒక్కొక్కరే దించారు. రాయి రాక మిషను ఉత్తగా తిరిగింది.

"ఎవడు ఆపమన్నడు?" రఘుపతి ఉరికొచ్చి బేరింగు మీద చేయి వేశాడు. చప్పున వెనక్కి తీసుకున్నాడు. అరచెయ్యి కమిలింది. మిషను ఆపమని డ్రైవరుకు సైగ చేశాడు. ముల్లును, ఆ తర్వాత ఆమెను చూశాడు.

"చల్లారాలంటే ఎంతసేపు పడ్తది?" అన్నాడు మెల్లగా.

ఆరేళ్లలో ఆయన, తనకు జవాబు తెలియని ప్రశ్న ఆమెను అడగడం అదే మొదలు.

"ముల్లు చెప్తది," అంది నిర్మల. "కూసోండ్రి."