పక్కపక్కన కూర్చునే బండి

దవాఖానకు బయలుదేరి చెప్పులు వేసుకుంటుంటే మా అత్తమ్మ మున్నీబీ వెనక నుంచి అంది, "బాబుకు ఎండ తగల్నియ్యకు, జర దుపట్టా కప్పు" అని. నా కుడి చంకలో షోయబ్, ఎడమ చంకలో ముబషిరా. ఇద్దరి మీదా పడేది ఒకే ఎండ. కవలలు పుట్టి ఎనిమిది నెలలవుతున్నా, వనపర్తిలోని ఆ ఇంట్లో జాగ్రత్తలన్నీ ఒక్కరికే చెప్పేవారు.

మా ఆయన జహంగీర్ అప్పటికే గల్లీ మలుపు దాటిపోయాడు. ఆయనకు మోటార్లు రిపేరు చేసే దుకాణం ఉంది. ఇరవై కిలోల మోటారును భుజాన వేసుకుని బజారంతా నడుస్తాడు కానీ, పిల్లను ఎత్తుకుంటే నలుగురూ నవ్వుతారట. దవాఖానలో డాక్టరమ్మ పాపను తూకం వేసి, చదునైపోయిన తల వెనక భాగం తడిమి చూసి, ఎప్పుడూ పడుకోబెట్టే ఉంచుతున్నారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఆయనే జవాబు చెప్పాడు. పాప నెమ్మదస్తురాలట, ఏడవదట, ఎక్కడ పండబెడితే అక్కడే ఉంటుందట. మెచ్చుకుంటున్నట్టే చెప్పాడు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి నెట్టుకెళ్లే బాబాగాడీ ఒకటి తెచ్చుకుందామన్నాను. ఆయన ఆలోచించి మరీ చెప్పాడు.

"ఒక్క సీటుది చాలు. షోయబ్ బరువెక్కిండు. పాప తేలికనే గద, నువ్వెత్తుకో."

ఏడవదని పాలు ఆలస్యం చేస్తే పాప తేలికైపోతుందని అంతకు గంట ముందే డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఆయన చెవిన పడలేదు. నేను మరుసటి రోజూ అడిగాను, ఆ మరుసటి రోజూ అడిగాను. రాత్రి ఇద్దరూ ఒకేసారి లేస్తే ఒకరిని కాళ్ల మీద ఊపుతూ ఇంకొకరికి పాలిచ్చేది నేనే. పొద్దున అత్తమ్మ చాయ్, ఆయన టిఫిను డబ్బా, రెండు బకెట్ల పిల్లల బట్టలు నావే. ఇంత చేస్తున్నా, టీచరు ఉద్యోగానికి జీతం లేని సెలవు పెట్టి నేను "ఖాళీగ కూసున్నది" అని ఆ ఇంట్లో వాడుక. చివరికి, హైదరాబాదులో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, నా పోరు పడలేక పిల్లల బండ్లమ్మే దుకాణానికి తీసుకెళ్లాడు.

ఇద్దరి బండ్లు రెండు రకాలున్నాయి. ఒకటి పొడుగ్గా, సీటు వెనక సీటు. రెండోది వెడల్పుగా, పక్కపక్కన రెండు సీట్లు. దుకాణదారు నా వైపు చూడకుండా అంతా ఆయనకే వివరించాడు. ఆయనకు పొడుగుది నచ్చింది. "మన గల్లీల గిదైతే మంచిగ తిరుగుతది. బాబు ముంగట, పాప ఎనుక" అన్నాడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో బండి కొనకముందే తేలిపోయింది.

నేను నేల మీద మోకాళ్లూని వెనక సీటు ఎత్తుకు తల పెట్టి చూశాను. ముందు సీటు వీపు గుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. బజారు లేదు, మనుషులు లేరు, ఆకాశం కూడా సగమే. తిమ్మాజిపేటలో మా పుట్టింట్లో ఎవరైనా వస్తే మేము ఆడపిల్లలం పరదా వెనక నిలబడేవాళ్లం. వచ్చిన వాళ్లను గొంతులను బట్టి పోల్చుకునేవాళ్లం. చదువుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, పాన్‌గల్ బడిలో అరవై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్తాను. అయినా ఇంట్లో ఏ మాటా నా దగ్గరికి నేరుగా రాదు. ఎవరి వీపు మీదుగానో తొంగి చూసి తెలుసుకోవాలి. ఇప్పుడు నా బిడ్డకు కూడా అదే జాగా చూపిస్తున్నాడు.

ఒకసారి వంగి చూడమన్నాను. ఆయన వంగలేదు. ఆడపిల్లకు బజారులో చూసేదేముందన్నాడు.

నేను లేచి దుకాణదారుతో అన్నాను, "నెట్టేది నేను. ఆ వెడల్పుది ఇయ్యుండ్రి." అతను ఆయన ముఖం చూశాడు. ఆయన బయటికి వెళ్లిపోయాడు. దాచుకున్న జీతం డబ్బులతో నేనే కొన్నాను. వనపర్తి దాకా ఆయన బస్సులో నా పక్కన కూర్చోలేదు.

గల్లీలో ఆ బండి వెళ్లాలంటే గోడవారన పెట్టిన సైకిళ్లు కాస్త జరపాల్సి వచ్చేది. జరిపించాను. అత్తమ్మ తోవంతా ఆక్రమించానని సణిగింది. కానీ ముబషిరా మారింది. మేకల్ని చూసి వాటితో పాటు అరిచేది. షోయబ్ చెయ్యి పట్టుకుని లాగేది. పక్కకు ఒరిగిపోయే పిల్ల నిటారుగా కూర్చోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు స్నానం చేసి వచ్చేసరికి బండి లేదు. గుమ్మంలోకి వెళ్లి చూశాను. అత్తమ్మ పిండి పట్టించడానికి గిర్నీకి బయలుదేరింది. ఒక సీట్లో షోయబ్. రెండో సీట్లో జొన్నల సంచి, పడిపోకుండా నా బిడ్డ నడుముకు కట్టే పట్టీతోనే కట్టి ఉంది. లోపల ముబషిరా మంచం మీద కప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది.

"పాప ఊకుంటది గద, అందుకే పండబెట్టిన" అంది అత్తమ్మ. ఆమె గొంతులో తప్పు చేశానన్న జంకు లేదు. అదే నన్ను మండించింది. నేను పట్టీ విప్పి, జొన్నలు దింపి, పాపను తెచ్చి కూర్చోబెట్టాను.

ఆ వారమే నా సెలవు అయిపోతోంది. నన్ను అడగకుండానే తల్లీకొడుకులు ఏర్పాటు చేసేశారు. బాబును అత్తమ్మ చూసుకుంటుంది. పాపను మాత్రం నేను రోజూ బస్సులో పాన్‌గల్ తీసుకుపోవాలి. "ఇద్దరైతే అమ్మ పరేషానైతది" అన్నాడు ఆయన.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే రూతమ్మ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందని నాకు తెలుసు. పిల్లలతో అక్కడే అద్దెకుంటానని ఫోన్ చేశాను. నేను బడిలో ఉన్నంతసేపు ఆమె కోడలు పిల్లలను చూస్తానంది. మరునాడు ఇద్దరినీ, బండినీ ఆటోలో ఎక్కించాను. షోయబ్‌ను ఎక్కడికి తీసుకుపోతున్నావని అత్తమ్మ ఆటోకు అడ్డం నిలబడింది.

"ఒకరిని ఇడిచి ఒకరిని పెంచను, అత్తమ్మా. ఇద్దరు నాతోనే ఉంటరు" అన్నాను.

ఆయన దుకాణం నుంచి ఫోన్ చేసి చాలాసేపు అరిచాడు. తన అన్నం సంగతి అడిగాడు.

ఆదివారం పాన్‌గల్ వచ్చాడు. రూతమ్మ ఇంటి ముందు వెడల్పాటి రోడ్డు మీద నేను బండి తిప్పుతున్నాను. చిక్కిపోయి ఉన్నాడు. వంగి షోయబ్ వైపు చేతులు చాచాడు. నేను బండిని కొంచెం పక్కకు తిప్పాను. ముబషిరా ఆయన ఎదురుగా వచ్చింది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ముందు ఆమెను ఎత్తుకోండ్రి" అన్నాను.

ఆయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఎటు పట్టుకోవాలో తెలియక నా వైపు చూశాడు. "నాకు రాదు జబీన్" అన్నాడు, చాలా మెల్లగా.

"నాకు గూడ రాకుండె" అన్నాను. "నేర్సుకున్న."