ఇద్దరు పట్టే బండి

మూలనున్న సాంచె ఆగింది. తల తిప్పకుండానే ఓదెలుకు తెలిసింది. వెళ్లి తెగిన పోగు కొసలు నాలుకతో తడిపి, ముడి వేసి, మళ్లీ నడిపాడు. షెడ్డులో ఈ కరెంటు మగ్గాలన్నీ కొట్టుకుంటుంటే పక్కమనిషి మాట వినపడదు. కానీ వాటిలో ఒకటి ఆగితే మాత్రం వినపడుతుంది. రాత్రిపాళీలో గోడకు ఆనుకుని కునుకు తీసేవాళ్లు చప్పుడుకు లేవరు. చప్పుడు ఆగితే లేస్తారు. సిరిసిల్లలో సాంచెల మీద బతికేవాళ్లందరికీ ఉన్న అలవాటే.

తెల్లవారి పాళీ మారింది. అతని చోటికి వచ్చిన కనకయ్య ఓదెలు మొహం చూసి, ఇంటికి పోయి పండుకొమ్మన్నాడు. ఓదెలు మీసాల మీద పేరుకున్న దూది నూగు తువ్వాలతో దులుపుకుని, కోరుట్ల బస్సు ఏ వేళకని అడిగాడు.

సందు మలుపు తిరగక ముందే ఏడుపు వినిపించింది. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటున్నారు. కూతురు సరోజన బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గోడవార కూర్చుని ఉంది. తొట్టెల తాడు కాలి బొటనవేలికి కట్టుకుంది. తొట్టెలలో కవలల్లో పెద్దది ఉంది. చిన్నది కింద బొంత మీద ఉంది. ఇంటి దూలానికి ఉన్నది ఒకటే కొక్కెం. ఇద్దరినీ ఒకే తొట్టెలలో వేస్తే ఒకరి కాలు ఒకరికి తగిలి ఇద్దరూ లేస్తారు. ఆకు కత్తిరించాలన్నా, తంబాకు పోసి చుట్టాలన్నా రెండు చేతులూ కావాలి. బీడీలు అప్పజెప్పకపోతే కంపెనీలో కార్డు పోతుంది. పిల్లలు పుట్టినప్పటి నుంచి సరోజన చాటలో బీడీలు తగ్గుతూ వస్తున్నాయి.

ఆమె భర్త జలపతి కూడా సాంచెలు నడిపినవాడే. దసరాకు ముందు పనికని పోయి తిరిగి రాలేదు. అడవిలో అన్నల్లో కలిశాడని చెప్పుకున్నారు. పోలీసులు వచ్చి ఇల్లు వెతికి, నిండు నెలలతో ఉన్న సరోజనను గడప మీద నిలబెట్టి అడిగారు. ఆమెకు తెలిసింది ఏమీ లేదు. కవలలు పుట్టారన్న సంగతి అతనికి తెలుసో లేదో కూడా తెలియదు.

పురుటికి వచ్చినప్పుడు జలపతి అక్క నర్సవ్వ ఒక మాట అడిగింది. ఆమెది జగిత్యాల. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. ఇద్దరిని ఒక్కదానివి సాకలేవు, ఒకదాన్ని నాకు ఇయ్యి, ఎవరైనా సరే అంది. చెడ్డమనిషి కాదు. అడుగుతూ ఏడ్చింది. జవాబు కోసం మళ్లీ వస్తానని చెప్పి పోయింది.

"బాపూ, వదిన రేపొస్తదట" అంది సరోజన, చాటలోంచి తల ఎత్తకుండా. "చిన్నదాన్ని ఇద్దామనుకుంటున్న."

ఓదెలు చిన్నదాన్ని భుజం మీద వేసుకున్నాడు. అది అతని చొక్కాకు అంటిన నూగును పట్టుకుంది. అతను వెంటనే దించి, బయటికి పోయి, చొక్కా విడిచి దులిపి వచ్చాడు.

"రేపటిదాక ఆగు బిడ్డా. కోరుట్ల పోయొస్త."

అతను చాయ్ తాగి, పండుకోకుండా బస్టాండుకు నడిచాడు.

బస్సులో సీటు దొరికినా నిద్ర రాలేదు. కూర్చుంటే దగ్గు వస్తుంది. ఓదెలుకు ఒక తమ్ముడు ఉండేవాడు. కరువు వచ్చిన ఏడాది అతన్ని భీవండిలో చుట్టాలకు ఇచ్చారు. మంచిగా పెంచారు కూడా. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో కనబడ్డాడు. ఓదెలు చెయ్యి పట్టుకుంటే, మీరెవరని మరాఠీలో అడిగాడు. ఎవరో చెప్పాక నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం సంగతి ఓదెలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నూలు కండెలు చుట్టీ చుట్టీ దగ్గుతో పోయిన భార్య రుక్కమ్మకు కూడా చెప్పలేదు.

కోరుట్లలో ఫజలుద్దీన్‌ది సైకిళ్ల దుకాణం. అతని అన్న షార్జాలో ఉంటాడు. దుబాయి నుంచి వచ్చేవాళ్లు తెచ్చిన సామాను అమ్ముకోవాలంటే ఫజలుద్దీన్ దగ్గరే పెట్టి పోతారు. టేపురికార్డర్లు, రగ్గులు, ఇస్త్రీపెట్టెల మధ్య పిల్లల బండ్లు రెండు ఉన్నాయి. ఒకటి కొత్తది. ఒక్కరు పట్టేది. నీలం గుడ్డ గొడుగు, మెత్తటి దిండు, చక్రాలకు బ్రేకు ఉన్నాయి. రెండోది వాడింది. పక్కపక్కనే రెండు సీట్లు. బ్రేకు విరిగిపోయింది, ఒక చక్రం కిర్రుమంటుంది.

ఓదెలు చెప్పులు విడిచి దుకాణం నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కొత్త బండిని దగ్గరికి లాక్కుని, కింది కమ్మీ మీద కాలు పెట్టి ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు. దాని కమ్మీ ఎత్తులో ఉంది, మడమ అందలేదు. తరువాత రెండు సీట్ల బండి. దాని కమ్మీ కిందికి ఉంది. కాలు కుదురుకుంది. సాంచెలు రాకముందు ఓదెలు గుంటమగ్గం నేసినవాడు. కాళ్లు గుంటలో పెట్టి తొక్కుడు చెక్కలు తొక్కుతూ పెళ్లి చేసుకున్నాడు, కూతుర్ని కన్నాడు. సాంచెల దగ్గర కాళ్లకు నిలబడటం తప్ప పనిలేదు. ఇన్నాళ్లకు కాలు పాత లెక్కలో ఆడింది.

ఫజలుద్దీన్ చేతిలోని పానా పక్కన పెట్టి చూశాడు.

"ఓదెలన్నా, బండిని చేతులతోటి నూకుతరు. గిట్ల కాళ్లతోటి కాదు."

"నా బిడ్డ చేతులు ఖాళీ ఉండయి."

కొత్తదే తీసుకొమ్మని ఫజలుద్దీన్ చాలాసేపు చెప్పాడు. అది పాడయ్యేది కాదు, రేపు అమ్మినా పోతుంది. పాతదానికి బ్రేకు లేదు, దొరకదు కూడా.

"వాలు మీద పెట్టినవనుకో, అదే సిరిసిల్లకు పోతది."

"పోనీ, బస్సు కిరాయి మిగుల్తది" అన్నాడు ఓదెలు.

ఫజలుద్దీన్ నవ్వాడు. ఇంట్లో ఎందరు పిల్లలని అప్పుడు అడిగాడు. ఓదెలు కొత్త బండి వంక ఒకసారి చూసి, ఇద్దరని చెప్పాడు. చెప్పాక ఇక బేరానికి ఏమీ మిగలలేదు. కిర్రుమనే చక్రానికి నూనె వెయ్యబోతే ఓదెలు వద్దన్నాడు. చప్పుడు ఉంటే పిల్లలు పండుకుంటారని అతని నమ్మకం. సాంచెల ఊళ్లో పుట్టిన పిల్లలు మరి. బండి ఎట్లా మడవాలో, ఎట్లా తెరవాలో ఫజలుద్దీన్ చూపించి, గోనెసంచి చుట్టి సుతిలితో కట్టి ఇచ్చాడు.

రుద్రంగి దాటాక పోలీసులు బస్సు ఆపారు. అందరినీ దింపారు. గోనెలోంచి ఇనుప గొట్టాల కొసలు బయటికి కనబడుతున్నాయి. అది ఎవరిదని ఎస్సై అడిగితే ఓదెలు ముందుకు వచ్చాడు. విప్పమన్నారు. సుతిలి ముడి విప్పడానికి నేతపనివాడికి ఎంతసేపు? కానీ బండి తెరుచుకోలేదు. కొక్కెం పైకి లాగాలో కిందికి నొక్కాలో మరిచిపోయాడు. కానిస్టేబుల్ తుపాకి భుజం మార్చుకున్నాడు. ఓదెలుకు దగ్గు వచ్చింది. దగ్గుతూనే కాలితో కమ్మీని నొక్కాడు. రెండు సీట్లు టప్పున విచ్చుకున్నాయి.

"ఏందిది?"

"పోరగాండ్ల బండి సారూ. మనుమరాండ్లు. కవలలు."

"వాళ్ల నాయిన ఏడి?"

ఈ ప్రశ్న ఓదెలు ముందు చాలాసార్లు విన్నాడు. ప్రతిసారీ తల దించుకున్నాడు. ఈసారి బండి వంక చూశాడు. సీటు గుడ్డ మీద అరబ్బీ అక్షరాల చీటీ ఇంకా ఊడిపోలేదు.

"దుబాయిల ఉన్నడు సారూ. గీ బండి ఆయననే పంపిండు."

ఎస్సై చీటీని వేలితో సరిచేసి చూశాడు. కోరుట్ల వైపు నుంచి వచ్చే బస్సులో అది వింత మాట కాదు. కానిస్టేబుల్ బండిని అటూ ఇటూ తోశాడు. అది కిర్రుమంటూ రోడ్డు వాలుకు తనంతట తానే కదిలింది. ఓదెలు కుడికాలి చెప్పు విడిచి చక్రం కింద పెట్టాడు. బండి ఆగింది. పోలీసులు నవ్వి పొమ్మన్నారు.

బస్సు కదిలాక ఎడమ భుజం లాగడం మొదలైంది. అది వేములవాడ దాకా తగ్గలేదు. బండి మోసినందుకే అనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. సరోజన చాట పక్కన పెట్టి లేచింది. బండి చుట్టూ తిరిగింది. రెండు సీట్ల మీదా చెయ్యి వేసి చూసింది. తరువాత పాత చీర మడతపెట్టి పరిచి, ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టింది. వసారా నేల వాకిలి వైపు వాలుగా ఉంటుంది. బండి కదిలింది. ఓదెలు మళ్లీ చెప్పు పెట్టాడు.

"ఎవరన్న అడిగితే వాళ్ల నాయిన దుబాయి నుంచి పంపిండను" అన్నాడు. "నేను గట్లనే చెప్పిన."

ఆమె చీర అంచును పిల్లల కాళ్ల కిందికి సర్దింది.

"వదినకేం చెప్పాలె?"

"బండి చూపియ్యి."

సరోజన కొంగుతో మొహం తుడుచుకుని చాట ముందుకు లాక్కుంది. ఓదెలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెప్పు తీసి, కమ్మీ మీద కాలు పెట్టాడు. పాళీ వేళకు లేపమని చెప్పి కళ్లు మూసుకున్నాడు. కాలు మాత్రం ఆగలేదు. ముందుకు ఒక కిర్రు, వెనక్కి ఒక కిర్రు. పెద్దది ముందు నిద్రపోయింది. చిన్నది దాని వేలు పట్టుకుని కాసేపు చూసి, అదీ నిద్రపోయింది. పురుడు పోసుకున్నాక మొదటిసారి సరోజన తెంపులేకుండా బీడీలు చుట్టింది. చుట్టుతూ చుట్టుతూనే తల వాల్చింది.

చప్పుడు ఆగితే సరోజనకు మెలకువ వచ్చింది.

వసారాలో ఎండ వాకిలి దాకా జరిగింది. పిల్లలు ఇద్దరూ నిద్రలోనే ఉన్నారు. బండి కదలకుండా నిలబడి ఉంది, చక్రం కింద చెప్పు మళ్లీ పెట్టి ఉంది. తండ్రి తల గోడ మీద పక్కకు ఒరిగింది. పాళీ వేళ అయిందని పిలిచింది. భుజం మీద చెయ్యి వేసి మళ్లీ పిలిచింది.

పాళీకి ఓదెలు రాలేదేమని చూడటానికి వచ్చిన కనకయ్య వాకిట్లోనే ఆగిపోయాడు. ఆ సాయంత్రం వాళ్ల షెడ్డులో సాంచెలు ఆపారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఏమైందని బయటికి వచ్చారు.

నర్సవ్వ తెల్లవారి మొదటి బస్సుకు వచ్చింది. దారిలోనే సంగతి తెలిసింది. సరోజనను పట్టుకుని ఏడ్చింది, తరువాత బండి దగ్గర కూర్చుంది. ఒక సీటులో ఉన్నదాన్ని చూసింది, రెండో సీటులో ఉన్నదాన్ని చూసింది. అడుగుదామని వచ్చిన మాట అడగలేదు. పాడె కట్టే వేళకు వసారాలో మనుషులు పెరిగారు. అడ్డంగా ఉందని నర్సవ్వ బండిని పక్కకు జరపబోయి, చక్రం కింద ఉన్నదాన్ని తియ్యడానికి వంగింది.

"ఉండనియ్యి వదినా" అంది సరోజన. "తీస్తే బండి పోతది."

నర్సవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. మగవాళ్లు బండి చుట్టూ తిరిగి ఓదెలును బయటికి తీసుకుపోయారు. అతని ఎడమకాలి చెప్పు గోడ దగ్గర ఉంది. మడమ దగ్గర అరిగి, తోలుపట్టీ తెగితే కండెదారంతో కుట్టుకున్న కుడికాలి చెప్పు చక్రం కిందే ఉంది.