మణికట్టుకు కట్టిన తాడు

బాల్కనీ కడ్డీ మీద తాడు రాసుకుంటోంది.

కిర్రు… కిర్రు…

తాడు ఒక కొస కింద సందులో, బుట్టకు. రెండో కొస పైన చీకటి గదిలో, అసుంత మణికట్టుకు.

నేపుల్స్‌లో ఆ సందులో కూరగాయల కోసం ఎవరూ నాలుగంతస్తులు దిగరు. కింద నుంచి కేక — పై నుంచి బుట్ట. అసుంతకు తెల్లవారేది కూరగాయల బండి సబతీనో కేకతోనే.

"బుట్ట దించు పిన్నీ, ఇవాళ నిమ్మకాయలు మీ అత్తగారి నోటికంటే పులుపు."

ఇప్పుడా కేక లేదు.

కూతురు నున్సియా పక్క మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆమెకు నిద్ర పట్టేది. ఉబ్బసం పిల్ల. నలభై దాటినా పిల్లే. రాత్రంతా పిల్లికూతలు. కూత వినబడుతోందంటే బతికే ఉందని… తల్లి కళ్లు వాటంతటవే మూతపడేవి. కూత ఆగితే దిగ్గున లేచేది.

చలికాలంలో కూత ఆగింది.

అప్పుడు లేచిన మనిషి ఇంకా లేచే ఉంది.

పొద్దున్నే కళ్లు మంటలు. వెలుతురు సూదుల్లా గుచ్చుతుంది. కిటికీ రెక్కలు మూసేస్తుంది. మూసిన రెక్కల కింద ఎవరూ అరవరు — ఆ సందు మర్యాద అది. ఎవరి పసిబిడ్డ పడుకుందో, ఏ రోగికి కునుకు పట్టిందో. మూసిన రెక్కలు చూపించి ఎందరి నోళ్లో మూయించిన మనిషి అసుంత. ఇవాళ తన రెక్కలే మూసి ఉన్నాయన్నది మాత్రం ఆమెకు తట్టదు.

తట్టేది వేరే.

మరిచిపోయారు. చావు ఇల్లని తప్పుకుపోతున్నారు. రేపు నాకేదన్నా అయితే, వాసన కొడితే గాని తెలియదు ఎవరికీ…

అందుకే తాడు. బుట్ట దించి, కొస రెక్కల మధ్య నుంచి లోపలికి తెచ్చి చేతికి చుట్టుకుని పడుకుంది. ఎవరైనా లాగకపోతారా.

ఒక్కసారి లాగితే చాలు.

చక్రాల చప్పుడు. దగ్గరికొచ్చి ఆగింది.

అసుంత ఊపిరి బిగబట్టింది.

కింద సబతీనో నోరు తెరవబోయాడు. ఎదురింటి తితీనా చేత్తో మూసేసింది.

"ఒరేయ్, నీ గొంతుకు చచ్చిన చేప కూడా లేచి కూర్చుంటుంది. రెక్కలు చూళ్లేదూ? ఇప్పుడిప్పుడే కన్నంటుకుని ఉంటుంది దానికి."

"బుట్ట దించే ఉంది కదత్తా."

"పెట్టేసి పో. తాడు కదిలిందో, నీ చెవులు నా చేతిలో ఉంటాయి."

వాడు వంగి, నిద్రపోయే బిడ్డ పక్కన పెట్టినట్టు, నిమ్మకాయలు పెట్టాడు. తితీనా సగం రొట్టె పెట్టి గుడ్డ కప్పింది. తాడు కదల్లేదు.

గుసగుసలు పైదాకా అందలేదు. చక్రాల చప్పుడు అందింది — సందు మలుపు దాకా… ఆ తర్వాత అదీ లేదు.

అసుంత పక్క మంచం వైపు తిరిగింది.

"ఎవరూ లాగలేదే తల్లీ."

పక్క మంచం మీద దుప్పటి మడత మడతగానే ఉంది.

సముద్రం వైపు నుంచి గాలి లేచింది. మణికట్టు దగ్గర చిన్న కదలిక.

గాలే. గాలే అనుకుంది.

అయినా లేచి కూర్చుంది. చేయి కిటికీ రెక్క దాకా వెళ్లింది. ఒక్క తోపు చాలు.

తెరిచాక… కింద ఎవరూ లేకపోతే?

చేయి అక్కడే ఉంది.

కడ్డీ మీద తాడు రాసుకుంటోంది.

కిర్రు… కిర్రు…