ట్రయల్‌లో మాట్లాడకూడదు

మేస్త్రి పికప్ కింద వెల్లకిలా పడుకుని, పళ్ల మధ్య ఒక బోల్టు కరిచిపట్టుకుని, కంటికి కనిపించని నట్టు కోసం వేళ్లతో తడుముతున్నాడు. ఆయన తల పక్కన రెండు కాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆ కాళ్లు అప్పుడప్పుడైనా ఆగుతాయి గానీ, వాటి మీదున్న నోరు ఆగదు. అది ఆయన బావమరిది నోరు. వీధంతా అతన్ని రేడియో అంటుంది. కట్టేయడానికి మీట లేని రేడియో.

"అది కాదు బావా, నిన్న ఆ కాంట్రాక్టరు మళ్లీ ఏమన్నాడో తెలుసా..."

"ఊఁ," అన్నాడు మేస్త్రి. నోట్లో బోల్టున్న మనిషి అంతకన్నా ఏమంటాడు?

కాంట్రాక్టరు అన్న మాట వీధిలో తెలియనిదెవరికి! కొండ మీద ఆసుపత్రి కడుతున్నారు. దానికి ఇటుకలు మోసేది రేడియో పికప్. పద్దెనిమిదేళ్ల బండి, రెండు సిలిండర్ల ఇంజన్. నిండు బరువుతో మూడో మలుపుకి వచ్చేసరికి దాని పని అయిపోతోంది. రెండు వారాల కిందటైతే ఆగి, వెనక్కి జారింది కూడా. రోడ్డు పక్కన ఒక బండరాయి అడ్డుపడబట్టి రేడియో ఇవాళ్టికి మాట్లాడుతున్నాడు. ఈ సాయంత్రంలోగా నిండు బరువుతో కొండెక్కి చూపించకపోతే రేపటి నుంచి వేరే బండి వస్తుంది. ఈ బండి తప్ప అతనికి ఇంకో దిక్కు లేదు. అందుకని మేస్త్రి, తుక్కుకొచ్చిన ఒక వ్యాన్‌లోంచి నాలుగు సిలిండర్ల ఇంజన్ తీసి దీనిలో కూర్చోబెడుతున్నాడు.

కూర్చోబెట్టడమంటే మాటలా! తొమ్మిది రోజులు పట్టింది. ఇంజన్ ఆనే పాత దిమ్మలు కోసి, రెండు వేళ్ల వెడల్పు ముందుకు జరిపి వెల్డింగ్ పెట్టించాడు. రేడియేటర్ని ముందుకు నెట్టాడు. బానెట్ తగులుతుంటే లోపలి నుంచి సుత్తితో కొట్టి బుడిపె తేల్చాడు. "లాగే బలం పెరిగితే చాలదురా, ఆపే బలమూ పెరగాలి," అని బ్రేకులు మార్చి, ముందు చక్రాల కమాన్లకు ఒక్కో పట్టీ కలిపాడు. షెడ్డులో టేపు ఉంది. అయినా కొలతలన్నీ జానతోనే. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

యాభై తొమ్మిదేళ్లు. పొట్టి మనిషి, మందపాటి మెడ, ముంజేతి మీద పాత కాలిన మచ్చ. ఇంజన్లకు ఆనించీ ఆనించీ ఒక చెవి అంచు ఎంత తోమినా నల్లగానే ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే రేకుల షెడ్డు. వందల బళ్లకు ప్రాణం పోసినవాడు, సొంతానికి సైకిలు కూడా కొనుక్కోలేదు. ఇక ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు. కొడుకు పుట్టాడని చెప్పినప్పుడు తొంగిచూసి "పర్లేదు" అన్నాడట. అది ఆయన నోటి నుంచి వచ్చే అతి పెద్ద పొగడ్త అని పెళ్లాం ఇప్పటికీ నవ్వుతుంది.

మధ్యాహ్నం క్యారేజీలో సగం తిని మూతపెట్టేశాడు.

"ఏం బావా, అక్క వంట అంత ఘోరంగా ఉందా?"

"భుజం పట్టేసిందిరా. నిన్న గొలుసు పుల్లీ లాగాను కదా."

"పోనీ నూనె రాయనా?"

"నువ్వు నోరు మూస్తే దానంతటదే తగ్గుతుంది."

మూడు గంటలకు ఇంజన్ రెండో తాళానికే అందుకుంది. రేడియో ఎగిరి గంతేశాడు. ఇద్దరూ పక్క వీధిలో ఇటుకలు నింపించారు. బండెక్కే ముందు మేస్త్రి వేలు చూపించాడు. రేడియోకి తెలుసు. ట్రయల్‌లో ఎవరూ నోరెత్తకూడదు, ముందు మేస్త్రే మాట్లాడాలి. ఎప్పుడో ఒకసారి కబుర్లలో పడి బేరింగు శబ్దం వినకపోతే ఒక ఇంజన్ పట్టేసిందట. ఆనాటి నుంచి ఇదే పద్ధతి. కొత్త ఇంజన్ మొదటి పరుగులోనే నిజం చెప్పేస్తుందని ఆయన నమ్మకం.

మేస్త్రి చెవిని తలుపు అంచుకు ఆనించి, అరచేయి డ్యాష్‌బోర్డు మీద పెట్టి, కళ్లు మూసుకున్నాడు. "పద," అన్నాడు.

మొదటి మలుపు. రెండో మలుపు. రేడియో చూపు రోడ్డు మీదే ఉంది, గుండె మాత్రం నోట్లో ఉంది. మూడో మలుపులో ఆ బండరాయి కనిపించింది. బండి దాన్ని పట్టించుకోకుండా, గేరు కూడా దించే పని లేకుండా దాటేసింది. "అబ్బ బావా!" అనబోయి నాలుక కరుచుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపటి నుంచి పిల్లలకేం పెట్టాలన్న బెంగ ఆ మలుపులోనే రాలిపోయింది.

పైన ఇటుకలు దింపుతుంటే కాంట్రాక్టరు నవ్వుతూ వచ్చాడు. "మొత్తానికి ఎక్కించావయ్యా! మేస్త్రిగారూ..." అని కిటికీ దగ్గరికి వంగబోతే రేడియో గబగబా పెదాల మీద వేలు పెట్టి, వద్దన్నట్టు తల ఊపాడు. బావ చేయి అప్పటికే డ్యాష్‌బోర్డు మీంచి ఒళ్లోకి దిగి ఉంది. కళ్లు మూసే ఉన్నాయి. దిగేటప్పుడు కూడా వింటాడు కాబోలు అనుకున్నాడు. దారి పొడవునా "పర్లేదు" అనే ఆ ఒక్క మాట కోసం కాచుకుంటూ, గతుకులు తప్పిస్తూ, జాగ్రత్తగా తీసుకొచ్చాడు.

షెడ్డు ముందు అక్క టీ ఫ్లాస్కుతో నిలబడి ఉంది.

"ఎక్కిందా?"

రేడియో చేతులు రెండూ పైకెత్తి నవ్వాడు. బావ వైపు చూపించి మళ్లీ పెదాల మీద వేలు పెట్టాడు. ఆమె కిటికీలోంచి చూసింది. ఆయన వినేటప్పటి ముఖం ఆమెకు తెలుసు. ఇది ఆ ముఖం కాదు.

"ఏమండీ," అంది. చెంప మీద చేయి వేసి వెంటనే తీసేసింది. "ఇంత చల్లగా ఉన్నారేంట్రా?"

రేడియో బావ భుజం పట్టి కుదిపాడు. వెల్డింగువాడు, టీకొట్టాయన పరుగెత్తుకొచ్చి మేస్త్రిని దింపి బల్ల మీద పడుకోబెట్టారు. వీధి చివరి డాక్టరు వచ్చి చూసి, గంట దాటిపోయిందన్నాడు. గంట! అంటే పైకి వెళ్లేటప్పుడే. ఏ మలుపులో? పిలిచి ఉంటే పలికేవాడా? పక్కనే, మోచేతికి మోచేయి తగిలేంత దగ్గర కూర్చున్నాడు, తెలియలేదు.

"దారంతా ఒక్కసారైనా పలకరించలేదట్రా?" అంది అక్క. తిట్టడం లేదు, నిజంగానే అడుగుతోంది.

"మాట్లాడొద్దన్నాడక్కా."

బుద్ధెరిగాక అతను ఒకరి మాట విని నోరు మూసుకున్నది ఈ ఒక్కసారే.

మేస్త్రిని ఇంటికి తీసుకెళ్లారు. పొద్దు వాలుతుండగా టీకొట్టాయన, బండి ఇంకా ఆన్‌లోనే ఉందని గుర్తుచేశాడు. అంత గొడవలో ఎవరూ ఇంజన్ కట్టేయనే లేదు. రేడియో వచ్చి తాళం మీద చేయి వేశాడు, తిప్పడానికి మనసొప్పలేదు. ముందుకు వచ్చి బానెట్ ఎత్తాడు. కొండెక్కి, కొండ దిగి, ఇంకా అదురన్నది లేకుండా నడుస్తూనే ఉన్న ఆ ఇంజన్ మూత మీద, రెండు నట్ల మధ్య, బావ మరిచిపోయిన పదమూడో నంబరు పానా పెట్టినచోటే ఉంది, వెంట్రుకవాసి కూడా జరగకుండా.