గురువారం అందిన జవాబు

వకుళ సోమవారం పాడిన పాట గురువారం వినిపిస్తోంది. కాకినాడలోని కచేరీ హాల్లో సౌండు మిక్సర్ ముందు కూర్చునే పేర్రాజు ఇందుకు కంగారుపడడు. డిజిటల్ మిక్సర్‌లో ఒక్కో గొంతు ఒక్కో దారిన పోయి వస్తుంది. దారి పొడవైతే కాస్త ఆలస్యం, మామూలుగా రెప్పపాటు కూడా ఉండదు. వకుళకి మూడు రోజులు పడుతోంది, అంతే తేడా.

"నా దెబ్బ ఇయ్యాలే వచ్చేత్తంది పేర్రాజుగారూ. ఆవిడ పాట లేకుండా ఒక్కణ్ణీ వాయించుకుంటన్నాను," అంటాడు తబలా జిలానీ.

"ఆవిణ్ణి తొందరపెట్టలేమండి. మిమ్మల్నే ఆపాలి," అంటాడు పేర్రాజు.

ఈ పనిలో పద్ధతి అదే. వెనకబడినవాళ్ళని ముందుకు లాగే బటన్ ఏ మిక్సర్‌లోనూ లేదు. ముందున్నవాళ్ళనే పట్టి ఉంచాలి. అతను తబలాకి మూడు రోజులు డిలే పెడతాడు. వేణువుకి పెడతాడు, ఫ్యాను కిర్రుకి, చప్పట్లకి, ఆఖరికి మూడో వరసలో ఎవరో తుమ్మిన తుమ్ముకి కూడా. హాలంతా మూగబోతుంది. శ్రోతలు టిఫిను డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటారు. గురువారం దాకా వాళ్ళకి మాత్రం వేరే పనేముంది.

వకుళ అతని భార్యే. ఆర్నెల్లుగా సామర్లకోటలో అక్క దగ్గర ఉంటోంది, పాటకి మాత్రం వచ్చి పోతుంది. ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ సరిచేసే ఈ మహానుభావుడు ఇంట్లో ఆవిడ మాట ఒక్కటీ చెవిన పెట్టలేదు మరి. ఇప్పుడు ఆ ఇల్లు అతన్ని పీక్కుతింటోంది. ఆ సోమవారం ఆమె పాడటం అవగానే, వేదిక మీదివాళ్ళతో మాట్లాడే చిన్న మైకు అందుకుంటాడు.

"వకుళా, ఇంటికొచ్చెయ్యవా?"

ప్రశ్న వెంటనే ఆమెకి చేరుతుంది. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. అన్నిటికీ డిలే పెట్టినవాడు తన మైకు సంగతి మరిచిపోయాడు. సౌండువాళ్ళెవరూ తమ మైకుని లెక్కలో వేసుకోరు. వకుళ తలెత్తుతుంది, పెదవులు కదుపుతుంది. మాట వినిపించదు. ఏమందో తెలియక అతను కుర్చీలోనే ఉండిపోతాడు. ఆమె కాసేపు నిలబడి చూసి, సంచీ భుజానికి తగిలించుకుని, సామర్లకోట బస్సెక్కుతుంది.

అతను అక్కడే మూడు రోజులు కూర్చుంటాడు. గురువారం పాట, తబలా, తుమ్ము, చప్పట్లు అన్నీ కలిసి వస్తాయి, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఆ తర్వాత ఆమె గొంతు వస్తుంది.

"వస్తానండి. ఇన్నాళ్ళకి అడిగారు. లేవండి, ఇప్పుడే పోదాం. ఇప్పుడు లేవకపోతే ఇంక ఎప్పుడూ రాను."

పేర్రాజు లేస్తాడు. వేదిక ఖాళీగా ఉంది. అతను సోమవారం లేవలేదన్న సంగతి ఆ గొంతుకి తెలియదు. సంబరంగా అతని పక్కనే నడుస్తుంది, దారిలో వంకాయలు లేతవి చూసి ఏరమంటుంది. చెప్పేద్దామని నోటిదాకా వస్తుంది. చెప్పలేడు. వంకాయలు ఏరుతూ ఏడుస్తాడు.

ఇంట్లో ఇద్దరూ బల్ల మీద కూర్చుంటారు.

"కాస్త జరగండి," అంటుంది గొంతు.

అతను జరుగుతాడు. బల్ల అంత మేరా పొడుగవుతుంది. ఇంకాస్త జరుగుతాడు. బల్ల గుమ్మం దాటి, వీధి దాటి, వరిచేల మీదుగా సామర్లకోట దాకా సాగుతుంది. ఆ చివర వకుళ ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది. పేర్రాజు అటే జరుగుతున్నాడు. అతను జానెడు జరిగితే, వెనక్కి తిరక్కుండానే, ఆమె కూడా జానెడు అవతలికి జరుగుతోంది.