మూతలు తెరిచే వేలు

నా పని మూతలు తెరవడం. అరచేతిలో పట్టేంత చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, లోపలున్నది బయటికి కనబడేవి. సూదులు, బొత్తాలు, మాత్రలు, ఇంట్లో ఎప్పుడు వెతికినా దొరకని చిల్లర సామానంతా పెట్టుకునేవి. అచ్చు నుంచి వచ్చిన ప్రతి ట్రేలోంచి పది తీసి, కుడి బొటనవేలితో మూత అంచు ఎత్తాలి. సులువుగా రాకపోతే చీటీ మీద ‘బిగుతు’ అని రాసి పక్కన పడేయాలి. పదకొండేళ్ళుగా ఇదే. సాయంత్రానికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఈ నెల చీటీలన్నీ బిగుతే. సూపర్‌వైజరు వెళ్ళి మా బావ మీద పడ్డాడు. అచ్చుల మిషను చూసేది మా అక్క మొగుడే. “నేను అచ్చు ముట్టుకోలేదండీ మొర్రో” అని బావ మొత్తుకున్నా వినలేదు. రేపు భోజనాలయ్యాక అచ్చు అంచు ఆకురాయితో అరగదీయమన్నాడు. తేడా వస్తే ఉద్యోగం పోతుందని కూడా అన్నాడు. ఒకసారి అరగదీసిన అచ్చు మళ్ళీ మామూలు కాదు. నాకేం, నా పని నేను చేశాననుకున్నాను.

తెల్లారి పనికి బయల్దేరుతూ, ఊడిన బొత్తాం కుట్టుకుందామని ఇంట్లో సూదుల డబ్బా తీశాను. మా ఫ్యాక్టరీదే. నిరుడు నేనే తెరిచి చూసి, బాగుందన్నది. మూత రాలేదు. రెండోసారీ రాలేదు. మా అమ్మాయి పళ్ళు తోముకుంటూ వచ్చి, ఎడం చేత్తో టక్కున తెరిచిచ్చి పోయింది.

మూతలకేం రోగం లేదు. రోగమంతా నా వేలికే.

అయినా పొద్దుటి నుంచీ చీటీల మీద ‘బిగుతు’ అనే రాస్తూ కూర్చున్నాను. ఆ వేలే కదా మా ఇంటికి అన్నం పెట్టేది. భోజనాల గంట మోగాక ఇక ఆగలేక బావ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే అచ్చు విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు.

“ఆగు బావా. తప్పు అచ్చుది కాదు. నా వేల్లో పట్టు పోయింది.”

తిట్టినా బాగుండేది. బావ కాసేపు నా చెయ్యి చూసి గొంతు తగ్గించాడు. “ఎవరికీ చెప్పకు. కొంచెం అరగదీస్తాలే, నీ వేలికి వచ్చేంత.”

నాకు ఏడుపొచ్చింది. “మూత నా వేలికి వచ్చిందంటే కొన్నవాళ్ళందరి ఇళ్ళల్లో ఊడిపోతుంది బావా. అప్పుడు నిన్ను ఉంచుతారా?”

సూపర్‌వైజరు గదికి వెళ్ళాను. మూతలన్నీ బాగున్నాయనీ, నా వేలే బాగాలేదనీ చెప్పేశాను. డాక్టరుకు చూపించుకోమంటాడనుకున్నాను, లేదా కసురుకుంటాడనుకున్నాను. ఆయన బావకు ఫోన్ చేసి, అచ్చు మళ్ళీ బిగించమన్నాడు.

“మంచి పని చేశావమ్మా. ఇన్నేళ్ళ అనుభవం నీది, నువ్వే చెప్పు. రేపట్నుంచి నీ బల్ల దగ్గర ఎవరిని కూర్చోబెడదాం?”

నేను కాసేపు నిజంగానే ఆలోచించాను.

“ప్యాకింగులో ఉన్న పొట్టమ్మని పెట్టండి సార్. దాని వేళ్ళు గట్టివి.”